కావలి

మాది కావలి.
మద్రాసులో మైకు పట్టుకున్నోడికి నా పేరు నోరు తిరగదు,
మాలకొండయ్య కాస్తా మల్గొండా అయిపోతాడు.
ఊరి పేరొక్కటే తప్పుల్లేకుండా చెప్తాడు.
అది చాలు. నా పనేందో అందులోనే ఉండాది.
లోపలికి పోయేవాళ్లు ముందు నన్ను దాటాల.

మంగళారం ఫోన్ వస్తది.
"శనారం ఖాళీనా? ఆరు రౌండ్లు, పద్దెనిమిది వేలు.
కుర్రోడు కొత్తోడు. ఏడు ఆడినాడు, ఏడూ పడగొట్టినాడు."
ఓడిపొమ్మని ఎవరూ చెప్పరు.
చెప్పాల్సిన పని లేదు.
పోస్టర్ మీద వాడి పేరు మూరెడు,
నాది ప్రింటింగ్ ప్రెస్సు అడ్రసు పక్కన.

తుమ్మలపెంట రోడ్డులో ఐసు ఫ్యాక్టరీయే నాకు జిమ్ము.
కొక్కెం వేసి దిమ్మ లాగాలంటే నడుం తిరగాల,
మడమ లేవాల, భుజం ఆఖర్న రావాల.
కోచ్ చెప్పిందీ ఇదే.
కాకపోతే ఇక్కడ కూలిస్తారు.

నలభై ఆరు ఆటలు. గెలిచినవి ఏడు, సమానం మూడు.
మిగతాది మీరే లెక్కేసుకోండి.
నేను లెక్కేసుకునేది వేరే: పడి లేవనివి రెండే.
పడితే డాక్టరు చీటీ రాస్తాడు,
నెలా పదైదు రోజులు బరిలోకి రాబాకని.
నెలా పదైదు రోజులంటే ఇంట్లో ఎంతో నాకు తెలుసు.
అందుకే గడ్డాన్ని భుజంలో దాచడం నేర్చినా,
దెబ్బని మోచేత్తో తీసుకోవడం, నెత్తితో తీసుకోవడం,
ఊపిరాడనప్పుడు ఎదుటోణ్ణి చుట్టేసుకోని
రిఫరీ విడదీసే ఆ రెండు క్షణాలూ
నిలబడే నిద్రపోవడం.

ఒక తూరి బెంగుళూరులో మర్చిపోయి గెలిచినా.
మూడో రౌండు, ఎడమ హుక్కు.
ఆ పిల్లోడు తాళ్ల మీద తడిగుడ్డలా వాలినాడు.
హాల్లో చప్పట్లు లేవు. వాళ్ల నాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, అంతే.
ఆ తర్వాత తొమ్మిది నెలలు ఫోన్ మోగలా.
తలుపు మరీ బిగుసుకుపోతే
వడ్రంగిని పిలవరు, తలుపే మార్చేస్తారు.

ఈ శనారం కుర్రోడు మంచోడే.
చేతులు జోరువాన. కాళ్లే ఇంకా బళ్లో ఉండాయి.
మొదటి రౌండులో వాడు నన్ను చూళ్లేదు,
నా వెనకాల దేన్నో చూస్తా కొట్టినాడు, రేపటి బెల్టునేమో.
మూడులో చూసినాడు.
నాలుగులో నోరు తెరుచుకుంది.
ఐదులో ఎడమ చెయ్యి జారింది,
జేబులో చిల్లర కోసం పోయినట్టు.
ఆ సందు నాకు తెలుసు.
చాలాసార్లు చూసీ పక్కనించి పోయిన సందు.

కుడిచెయ్యి పంపినా. మొత్తం కాదు, ముప్పాతిక.
వాడి మోకాళ్లు ఒకదాన్నొకటి తడుముకున్నాయి.
ఏడు నాకౌట్లూ ఎటు పోయినాయో,
మొగంలో పందొమ్మిదేళ్లు మాత్రం మిగిలినాయి.
చుట్టేసుకున్నా. గంట కొట్టేదాకా వాడి బరువు మోసినా.
చెవిలో అన్నా: "ఎడమ చెయ్యి, అబ్బయా. పైన పెట్టు."
వాడికి తెలుగు రాదు.
ఐనా ఆరో రౌండంతా ఆ చెయ్యి దిగలా.

ఆ పట్టుకి మార్కులుండవు.
ముగ్గురు జడ్జీలు, ముగ్గురూ వాడికే.
జాలి అనుకోబాకండి.
ఆ మొగం చూసి ఆగినానో, తొమ్మిది నెలలు గుర్తొచ్చి ఆగినానో
రైల్లో సూళ్లూరుపేట దాటిందాకా ఆలోచించినా, తేలలా.
గూడూరులో టీ తాగినా. పెదవి మండింది.

మూడున్నరకి కావలిలో దిగి
ఇంటికి పోకుండా ఫ్యాక్టరీకే పోయినా.
కనుబొమ్మని దిమ్మకి ఆనిస్తే
ఐసు కొంచెం ఎర్రబడింది, అంతే.
లారీ మీద నుంచి ఖాదర్ బాషా:
"గెలిచినావా అన్నా?"
"ఆరు రౌండ్లూ అయినాయి."
"అది గాదన్నా..."
"బోట్లు ఐదింటికిరా. ఆ కొక్కెం ఇటీ."